చీటీ తీసేముందు "నాకు తెలీదు" అని చెప్పాలి

నా ఎండీ థీసిస్‌లో శాంపిల్ సైజు, అంటే స్టడీలో తీసుకున్న పేషెంట్ల సంఖ్య, 60. ఎందుకు 60 అని మూడేళ్ళలో ఒక్కళ్ళు కూడా అడగలేదు, నన్ను నేను కూడా అడుక్కోలేదు. మా సీనియర్‌ది 60, ఆవిడ సీనియర్‌ది 50, అంతకుముందెవరో 100 అని రాసుకుని చివర్లో కేసులు దొరక్క ఏడ్చాడని హాస్టల్లో ఓ కథ తిరిగేది, కాబట్టి 60 అనేది సేఫ్ నంబర్. సినాప్సిస్, అంటే థీసిస్ ప్లాన్ కాగితం, పాతది తీసి సంవత్సరం మార్చి పెట్టేశాం. పేషెంట్ల వివరాలన్నీ ఎక్కించిన మాస్టర్ చార్ట్ తయారయ్యాక ఆ ఎక్సెల్ షీటు పట్టుకెళ్ళి కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు వెనక కూర్చునే ఒకాయనకి ఇస్తే, డబ్బులు తీసుకుని నాలుగు రోజుల్లో రంగురంగుల త్రీడీ బార్ చార్టులు గీసి, కింద పీ వాల్యూ 0.03 అని వేసి ఇచ్చాడు. అబ్బ, సిగ్నిఫికెంట్ వచ్చిందని, అంటే తేడా ఊరికే కాకతాళీయంగా వచ్చింది కాదని లెక్క, స్వీట్లు కూడా పంచా. ఆ 0.03 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎగ్జామినర్ అడిగుంటే నా పని అయిపోయేది, ఆయన మాత్రం బైండింగ్ బాగా చేయించావమ్మా అన్నాడు, గండం గడిచింది.

మన దగ్గర డాక్టర్లు రీసెర్చ్ నేర్చుకున్న తీరు అది. ఇప్పుడు కొంచెం నయం. 2019 బ్యాచ్ నుంచి పీజీలందరికీ రీసెర్చ్ మీద ఆన్‌లైన్ కోర్సు కంపల్సరీ చేశారు, బీసీబీఆర్ అంటారు, చెన్నైలో ఉన్న ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ళ ఎపిడెమియాలజీ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. నిజంగా మంచి లెక్చర్లు. కానీ మా జూనియర్లు ఆ వీడియో ఫోన్లో మ్యూట్‌లో పెట్టి పక్కనే పేషెంట్‌కి సెలైన్ కాన్యులా వేస్తుంటారు, వాళ్ళని అనడానికీ లేదు, 36 గంటల డ్యూటీలో ఉన్నవాడికి కన్ఫౌండింగ్ అంటే ఏంటో ఎక్కుతుందా.

సరే, అసలు విషయానికి వస్తా. డీఎం ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యంలో పై చదువు) అయ్యాక కొత్తగా జాబ్‌లో చేరిన రోజుల్లో నాకో పేషెంట్ ఉండేది. గుంటూరు జిల్లా పల్లెటూరు, రొమ్ము క్యాన్సర్, ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. వారం వారం పాక్లిటాక్సెల్ అనే మందు, 12 వారాలు. ఆవిడ పని పూలు కట్టి అమ్మడం, అరటినారతో మల్లెపూలు కట్టి మూర లెక్కన గుడి దగ్గర అమ్ముతుంది. ఏడో వారం అనుకుంటా వచ్చి కూర్చుని రెండు చేతులూ బల్ల మీద చాపి పెట్టింది. "డాక్టరమ్మా, వేళ్ళు మొద్దుబారిపోయినై. పువ్వు పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకోవాల్సొస్తంది, ముడి బిగిస్తే పువ్వు తెగి కింద పడుతుంది" అంది.

ఇది మాకు కొత్త సంగతేం కాదు. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ కణాన్ని పట్టుకునేది దాని లోపలుండే సన్నటి గొట్టాల్లాంటి వాటి దగ్గర, మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. మన నరాల్లో కూడా సరుకు రవాణా అంతా ఆ గొట్టాల మీదే జరుగుతుంది కాబట్టి బాగా పొడుగ్గా ఉన్న నరాల చివర్లు, అంటే వేళ్ళ కొసలు, పాదాలు ముందు దెబ్బ తింటాయి. పుస్తకంలో దీనికి తీవ్రతని బట్టి గ్రేడులున్నాయి. నేను కేస్ షీట్లో "గ్రేడ్ 2 సెన్సరీ న్యూరోపతి", అంటే నరాలు దెబ్బతిని ఒక మాదిరిగా మొద్దుబారడం, అని రాసి ఒక బిళ్ళ రాసిచ్చా. ఆవిడ బిళ్ళ తీసుకుని వెళ్తూ "ఇది ముందే రాకుండా చెయ్యలేరామ్మా?" అంది, ఊరికే, కోపంగా ఏం కాదు. నేను "చూద్దాంలే" అన్నా. మనకి తెలీనప్పుడల్లా అనే మాటే కదా అది, చూద్దాంలే.

ఆ రాత్రి వెతికితే దీన్ని ముందే ఆపడం మీద స్టడీలు ఉన్నాయి, చాలానే ఉన్నాయి. కీమో ఎక్కుతున్నంతసేపూ చేతులకి ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిన గ్లవ్స్ తొడిగితే చలికి రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళ చివరికి మందు తక్కువ చేరుతుందని ఐడియా. జపాన్‌లో 2018లో ఒక స్టడీ వచ్చింది, ఫలితం బాగుంది, కానీ 40 మంది మీద చేసింది. అమెరికన్ ఆంకాలజీ సొసైటీ వాళ్ళ 2020 గైడ్‌లైన్ ఏమో ఇంకా సరిపడా ఆధారం లేదు, అందరికీ చెయ్యమని మేం చెప్పలేం అంది. ఐస్ ఏమన్నా లక్షల ఖరీదా? మన దగ్గర ఎండాకాలం గోళీసోడా బండోడి దగ్గర కూడా ఐస్ దొరుకుతుంది. మరి మన ఆడవాళ్ళ మీద మనం ఎందుకు చూడకూడదు అనిపించింది. ఒక రాత్రంతా కూర్చుని స్టడీ ప్లాన్ రాసేశా, చలి గ్లవ్స్, దాంతో పాటు విటమిన్, దాంతో పాటు చేతి ఎక్సర్‌సైజులు, చేతులు కాళ్ళు రెండూ, రొమ్ము క్యాన్సర్ అండాశయ క్యాన్సర్ రెండూ, రక్తంలో ఏదో మార్కర్ కూడా చూద్దాం అని. పెళ్ళి భోజనం లాగా అన్నీ వడ్డించేశా.

ఆ కాగితం పెట్టి క్రీడో వర్క్‌షాప్‌కి అప్లై చేశా. తెలీనివాళ్ళకి చెప్తాను, క్యాన్సర్ మీద క్లినికల్ ట్రయల్ (ఒక వైద్యం పనిచేస్తుందో లేదో పేషెంట్లలో చూసే స్టడీ) ఎలా చెయ్యాలో కుర్ర డాక్టర్లకి నేర్పించే వర్క్‌షాపులు ప్రపంచంలో చాలా తక్కువ. మొదటిది అమెరికాలో కొలరాడో కొండల్లో వేల్ అనే ఊళ్ళో 1996లో మొదలైంది, తర్వాత యూరప్‌లో, 2004లో ఆస్ట్రేలియాలో. మన దేశంలో 2015 నుంచి ముంబైలోని టాటా మెమోరియల్ హాస్పిటల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ కలిసి క్రీడో పెడుతున్నాయి. గ్రిడ్ అంటే 2012లో దేశంలో క్యాన్సర్ హాస్పిటళ్ళన్నిటినీ ఒక తాటి మీదకి తేవాలని పెట్టిన నెట్‌వర్క్. పద్ధతి అన్ని చోట్లా ఒకటే, పెద్ద లెక్చర్ హాల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పి సర్టిఫికెట్ ఇచ్చి పంపరు. నువ్వు ఒక ప్రశ్న పట్టుకుని రావాలి, దాదాపు వారం రోజులు అక్కడే తిని అక్కడే పడుకుని, వెళ్ళేటప్పటికి ఆ ప్రశ్నకి మొత్తం ప్రోటోకాల్, అంటే స్టడీ ఎలా చెయ్యాలో పూర్తి ప్లాన్, రాసుకుని వెళ్ళాలి. ఏడెనిమిది మందికి ఒక గ్రూపు, గ్రూపులో పెద్ద డాక్టర్లతో పాటు తప్పనిసరిగా ఒక స్టాటిస్టీషియన్, అంటే గణాంకాల నిపుణుడు. పగలు చర్చ, రాత్రి రాసుకోవడం, పొద్దున్నే మళ్ళీ అందరూ కలిసి చీల్చి చెండాడ్డం.

మొదటిరోజే నా పెళ్ళి భోజనం చూసి స్టాటిస్టీషియన్ గారు, తెల్ల జుట్టు, చాలా మెల్లగా మాట్లాడే మనిషి, ఒకే ఒక్క మాట అడిగారు. ఇదంతా చేశాక ఫలితం వచ్చిందనుకో, సోమవారం పొద్దున్న మీ ఓపీలో నువ్వు ఏం మారుస్తావు? నేను అంటే సార్, గ్లవ్స్ వాడతాం అన్నా. మరి గ్లవ్స్, విటమిను, ఎక్సర్‌సైజు మూడూ కలిపి ఇస్తే దేనివల్ల తగ్గిందో నీకెలా తెలుస్తుంది అన్నారు. సమాధానం లేదు. విటమిన్ కొట్టేశా. ఎక్సర్‌సైజ్ కొట్టేశా. మార్కర్ ఎందుకు అంటే ఆసక్తిగా ఉంటుందని అన్నా, ఆసక్తికి డబ్బులెవరిస్తారు అన్నారు, అదీ పోయింది. కాళ్ళు కూడా పోయాయి. రెండో రోజు సాయంత్రానికి నా ఎనిమిది పేజీలు ఒక్క లైన్ అయింది: రొమ్ము క్యాన్సర్‌కి వారం వారం పాక్లిటాక్సెల్ తీసుకునే వాళ్ళకి చేతులకి గడ్డకట్టిన గ్లవ్స్ తొడిగితే గ్రేడ్ 2 లేదా అంతకన్నా ఎక్కువ మొద్దుబారడం తగ్గుతుందా? అంతే. కొండంత కాగితాన్ని గోరంత చేశారని ఏడుపొచ్చింది గానీ, మొదటిసారి నా ప్రశ్న నాకే అర్థమైంది.

తర్వాత లెక్క. గ్లవ్స్ లేకపోతే ఎంతమందికి వస్తుంది అనుకుంటున్నావు? సగం మందికి. తొడిగితే ఎంతకి తగ్గితే నీకు తృప్తి? 35 శాతానికి. ఆయన కాగితం మీద నాలుగు లైన్లు వేసి, ఒక్కో వైపు 167 మంది, మొత్తం 334, మధ్యలో మానేసేవాళ్ళు పదో వంతు వేసుకుంటే దాదాపు 370 అని తేల్చారు. నా ప్రాణం పోయింది. 370 అంటే మా దగ్గర కనీసం నాలుగేళ్ళ పని. తగ్గించడానికి దారేమన్నా ఉందా సార్ అంటే ఉంది అన్నారు. ఒక మనిషికి ఒక చేతికే గ్లవ్ తొడుగు, రెండో చెయ్యి ఊరికే వదిలెయ్, ఆ మనిషికి ఆ మనిషే పోలిక, అప్పుడు 85 మంది చాలు. జపాన్ వాళ్ళు చేసిందీ అదే పద్ధతి. నేను ఎగిరి గంతేశా, 370 ఎక్కడ 85 ఎక్కడ!

ఆ రాత్రే మా పూల ఆవిడ ఫోన్ చేసింది, ఆరోగ్యశ్రీ కాగితం ఏదో పని మీద. మాటల్లో మాటగా అడిగా, అమ్మా నీకు ముందే ఒక చేతికి తొడుగు తొడిగి ఆ చెయ్యి ఒక్కటీ బాగుండేలా చేసుంటే ఎలా ఉండేదీ అని. ఒక్క క్షణం ఆగి నవ్వింది. "ఒక చెయ్యి బాగుండి ఒకటి మొద్దైతే మాల ఎట్టా కడతానమ్మా, ఒంటి చేత్తో చప్పట్లు కొట్టినట్టు."

పొద్దున్నే టిఫిన్ దగ్గర స్టాటిస్టీషియన్ గారికి ఇది చెప్పా. ఆయన ఇడ్లీ తినడం ఆపి, ఆవిడ చెప్పింది కరెక్టే, లెక్కకి ఒక చెయ్యి అందంగా ఉంటుంది గానీ నువ్వు అడగాల్సిన ప్రశ్న ఆవిడ పని చేసుకోగలదా లేదా అన్నారు. పైగా మనిషి కుడిచెయ్యి ఎడమచెయ్యి ఒకేలా వాడదు, ఏ చేతికి తొడిగామో ఆవిడకి తెలిసిపోతుంది కూడా. కాబట్టి రెండు గ్రూపులు, రెండు చేతులు, 370. మీ పేషెంట్ ఫోన్ కాల్‌కి 285 మంది ఖర్చయ్యారు అని జోకేశారు.

ఒక విషయం చెప్పాలి ఇక్కడ. రీసెర్చ్ అంటే కొత్త మందు కనిపెట్టడం అనుకునే దాన్ని, మన తెలుగువాళ్ళకి యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫోటో చూసి చూసి అలవాటు, భీమవరంలో పుట్టినాయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో అమినోప్టెరిన్ అనే మందు తయారు చేయిస్తే 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా పిల్లలకి అది వాడాడు, దాని చుట్టం మెథోట్రెక్సేట్‌నే ఇవాళ్టికీ మేం రాస్తున్నాం. ఆ స్థాయి మనవల్ల ఏమవుద్దిలే అని వదిలేస్తాం. కానీ మన దేశం నుంచి ప్రపంచం మొత్తం చదివిన ట్రయల్స్ చూడండి, ఎంత చిన్న ప్రశ్నలో. నోటి క్యాన్సర్‌లో మెడలో గడ్డలు కనపడకపోయినా ముందే మెడ ఆపరేషన్ చెయ్యాలా, వచ్చాక చూద్దామా? దశాబ్దాలుగా సర్జన్లు వాదించుకున్న ప్రశ్న, టాటా మెమోరియల్ వాళ్ళు చేసి 2015లో చెప్పారు, ముందే చేస్తే మూడేళ్ళకి 80 శాతం బతికున్నారు, ఆగితే 67.5 శాతం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి కాస్త ముందు గడ్డ చుట్టూ మామూలు లిగ్నోకెయిన్ ఇంజెక్షన్, పళ్ళ డాక్టర్ దగ్గర ఉండే మత్తుమందే, అది వేస్తే? 11 సెంటర్లలో 1600 మంది ఆడవాళ్ళు, అయిదేళ్ళకి బతికున్నవాళ్ళు 86.4 నుంచి 90.1 శాతానికి పెరిగారు. లక్షలు పోసే ఇమ్యునోథెరపీ మందు (ఒంట్లో రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పేది) నివోలుమాబ్‌ని పూర్తి డోసుకి బదులు 20 మిల్లీగ్రాములే ఇస్తే? ముదిరిపోయిన తల, మెడ క్యాన్సర్లలో మామూలు మాత్రలకి అది కలిపితే ఏడాది బతికినవాళ్ళు 16.3 శాతం నుంచి 43.4 అయ్యారు. 151 మందితో. ఇవేవీ ఏ మందుల కంపెనీ అడిగే ప్రశ్నలు కావు, తక్కువ మందు వాడమని ఏ కంపెనీ స్టడీ చేస్తుంది చెప్పండి. 2022లో మన దేశంలో కొత్తగా 14 లక్షల పైన క్యాన్సర్లు అని అంచనా, ఇంతమందికి మనం రాసే చీటీల్లో ఎక్కువ శాతం వేరే దేశాల్లో వేరే ఒంటితత్వం మీద తేల్చినవే. ఈ చిన్న ప్రశ్నలు ఓపీలో కూర్చునేవాడికే తడతాయి, అందుకే ఆ కుర్రాడికి అడగడం నేర్పాలి అంటా.

సరే, ప్రోటోకాల్ రాసుకుని వచ్చా, ఎథిక్స్ కమిటీకి పెట్టా, ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో రిజిస్టర్ చేశా. అక్కడిదాకా నేర్పినట్టే జరిగింది. నేర్చుకోవాల్సింది అసలు కన్సెంట్ (పేషెంట్ అర్థం చేసుకుని ఒప్పుకోవడం) దగ్గర ఉందని తర్వాత తెలిసింది.

పేషెంట్‌కి ఇచ్చే సమాచార పత్రం ఇంగ్లీష్‌లో రాసి అనువాదానికి ఇస్తే తిరిగొచ్చింది చూసి నోరెళ్ళబెట్టా. "పాల్గొనువారు యాదృచ్ఛికీకరణ ద్వారా రెండు వర్గములలో ఒకదానికి కేటాయించబడుదురు. పరిధీయ నాడీవ్యాధి తీవ్రతను మదింపు చేయబడును." ఇంటికి తీసుకెళ్ళి మా అమ్మకి ఇచ్చా, ఆవిడ పదో తరగతి. అద్దాలు పెట్టుకుని రెండు లైన్లు చదివి "ఇదేంటే, కోర్టు నోటీసా?" అంది. ఆ రోజు నుంచి పది రోజులు రాత్రుళ్ళు మా అమ్మే నా ఎడిటర్. న్యూరోపతి తీసేసి తిమ్మిర్లు, మొద్దుబారడం. ఇన్‌ఫ్యూజన్ తీసేసి సెలైన్ ఎక్కేటప్పుడు. రాండమైజేషన్ దగ్గర, అంటే ఎవరు ఏ గ్రూపో మనం ఎంచకుండా అదృష్టానికి వదిలెయ్యడం, ఇద్దరం ఆగిపోయాం, లాటరీ అంటే డబ్బులొస్తాయనుకుంటారు, బొమ్మాబొరుసు అంటే వెటకారంగా ఉంది, ఆఖరికి అమ్మే "చీటీ తీసినట్టు అని రాయి, గుళ్ళో చీటీ తీస్తారు, ఊళ్ళో చీటీ తీస్తారు, అందరికీ తెలుసు" అంది.

ప్రశ్నాపత్రం ఇంకో కథ. ఇలాంటి తిమ్మిర్లని కొలవడానికి బయట దేశాల వాళ్ళ ప్రశ్నాపత్రంలో చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా అని ఉంటుంది. మా ఆడవాళ్ళు చీరలు కట్టుకుంటారు, గుండీలెక్కడివి. జాకెట్టు హుక్కులు అని మార్చాలి. మార్చడం అంటే పెన్నుతో కొట్టేసి రాయడం కాదు, దాని ఓనర్ల పర్మిషన్, అనువాదం, మళ్ళీ ఇంగ్లీష్‌లోకి తిరగేసి చూడ్డం, కొందరు పేషెంట్లకి చదివి వినిపించి వాళ్ళకేం అర్థమైందో అడగడం. ఒక్క హుక్కుకి మూడు నెలలు పట్టింది. అప్పుడు విసుక్కున్నా గానీ ఆ హుక్కు లేకపోతే 370 మంది జవాబూ వేస్టే.

మొదటి పేషెంట్. నలభై ఏళ్ళుంటాయి, పక్కన తమ్ముడు. అంతా చెప్పా, గ్లవ్స్ ఇలా ఉంటాయి, చల్లగా ఉంటాయి, ఓర్చుకోలేకపోతే తీసేయొచ్చు, చర్మం చల్లదనానికి కందే అవకాశం ఉంది, వద్దంటే మీ వైద్యంలో ఏం తేడా రాదు. చీటీలో గ్లవ్స్ అని వస్తే తొడుగుతాం లేకపోతే లేదు. ఆవిడ నన్నే చూస్తూ, "చీటీ ఎందుకమ్మా, ఏది మంచిదో నీకు తెలీదా?" అంది.

వర్క్‌షాప్‌లో దీని మీద గంట సేపు మాట్లాడుకున్నాం, ఈక్విపాయిజ్ అనే పదం కూడా ఉంది, రెండిట్లో ఏది మేలో నిజంగా తెలీనప్పుడే చీటీ వెయ్యడం న్యాయం అని. అక్కడ ఈజీగా తలూపాను. కానీ తెల్లకోటు వేసుకుని మెళ్ళో స్టెతస్కోప్ పెట్టుకుని, అయిదు గంటలు బస్సులో కూర్చుని నన్ను నమ్ముకుని వచ్చిన మనిషి ముందు "నాకు తెలీదమ్మా" అనాలంటే నోరు రాలేదండీ. డాక్టర్‌కి తెలీదంటే ఇంకో హాస్పిటల్‌కి పోతారేమో అని భయం. పదేళ్ళ చదువులో ఎక్కడా ఆ మాట అనడం నేర్పలేదు, వైవాలో తెలీదంటే ఫెయిలే. రెండు సార్లు గొంతు సవరించుకుని, "నాకే కాదమ్మా, ఎవరికీ ఇంకా తెలీదు. అందుకే చూస్తున్నాం" అన్నా. తమ్ముడు వెంటనే "అంటే మా అక్క మీద ప్రయోగం చేస్తారా?" అన్నాడు. అవును అన్నా. ఆ మాటా కష్టమే. ఆలోచించుకుని చెప్తామని వెళ్ళారు, వచ్చే వారం ఆవిడ వచ్చి వద్దులేమ్మా అంది. నా స్టడీలో మొదటి ఎంట్రీ "ఒప్పుకోలేదు".

అప్పుడు బాధేసింది కానీ ఇప్పుడు మా పీజీలకి ముందు ఆ కథే చెప్తా. మన తెలుగు నేల మీద ఇది ఎందుకు ఇంత ముఖ్యమో ఖమ్మం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2009లో అక్కడ గిరిజన ప్రాంతాల్లో వేలమంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మీద స్టడీ జరిగింది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ రిపోర్ట్ కూడా వచ్చింది. కొంతమంది పిల్లల మరణాలు టీకా వల్లే అని ఎంక్వయిరీలో తేలలేదు, టీకా మంచిదే, నేను మా అన్నయ్య కూతురికి వేయించా. కానీ హాస్టల్ పిల్లల తరఫున అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన ఫారాలు బయటపడ్డాయి. పనిభారంలో ఎవరో ఒకరు "సంతకమే కదా, పెట్టించెయ్" అనుకునుంటారు. నా డిపార్ట్‌మెంట్లో నైట్ డ్యూటీ పీజీ అనే మాట కూడా అదే, మేడం సంతకమే కదా నేను పెట్టించేస్తా. వేలిముద్ర వేసేవాళ్ళయితే స్టడీకి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి అంటే వార్డ్ బాయ్‌ని పిలుస్తా అంటాడు. తప్పు వాడిది కాదు, నేనూ వాడి వయసులో అంతే.

ఇంక టైమ్. నా క్లాస్‌మేట్ ఒకడు అమెరికాలో ఆంకాలజీ చేస్తున్నాడు, వాడికి అక్కడి నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ కె12 అనే ట్రైనింగ్ గ్రాంట్‌లో చోటు దొరికింది. దాని రూల్ ఏంటంటే వాడి పనివేళల్లో 75 శాతం రీసెర్చ్‌కి, రీసెర్చ్ నేర్చుకోడానికి కేటాయించాలి, పేషెంట్లని చూడ్డం మిగతా పావులోనే. వీడియో కాల్లో వాడు ఇది చెప్తుంటే నా వెనక ఓపీ బయట టోకెన్ నంబర్ 94 అని అరుస్తున్నారు. మన దగ్గర కూడా రీసెర్చ్‌కి డబ్బులిచ్చే డీబీటీ వెల్‌కమ్ ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులున్నాయి, ఆఫీసు మన హైదరాబాద్‌లోనే, చాలా మంచివి, కానీ వచ్చేది కొద్దిమందికి. మిగిలినవాళ్ళం ఆదివారాల మనుషులం. వర్క్‌షాప్‌లో నాతో ఉన్నవాళ్ళల్లో కొందరు ప్రోటోకాల్ రాసుకుని వెళ్ళి దాన్ని మళ్ళీ తెరవలేదు, తెలివి లేక కాదు, తిరిగెళ్ళిన చోట వారంలో అరపూట కూడా ఇవ్వలేదు. ఒక్క రీసెర్చ్ నర్స్ ఉన్నా చాలు, చాలా చోట్ల ఆ పోస్టే లేదు. నేర్పడం ఒక వారం పని, నేర్చుకున్నవాణ్ణి పని చెయ్యనివ్వడం మేనేజ్‌మెంట్ పని, మొదటిదానికి ఫోటోలు దిగుతారు.

నా మటుకు నేను బుధవారం మధ్యాహ్నం కొట్టుకుని సంపాదించుకున్నా. దాంట్లో సగం ఫోన్లకే పోతుంది. కీమో అయిపోయాక ఆర్నెల్లకి వేళ్ళు ఎలా ఉన్నాయో అడగాలి కదా, ఊరు దూరం, రాలేరు, ఫోన్ చేస్తాం. నంబర్ మారిపోయుంటుంది, అల్లుడు ఎత్తుతాడు, ఆశా వర్కర్‌ని పట్టుకుంటాం. ఒకసారి మా పీజీ అమ్మాయి ఫోన్ చేసి వేళ్ళు ఎలా ఉన్నాయండీ అని హుషారుగా అడిగితే, అటునుంచి ఒకాయన "ఆవిడ పోయి నెలయిందమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి ఎక్సెల్ షీట్ వంక చూస్తూ కూర్చుంది, ఆ గడిలో తేదీ నింపాలి, తేదీ అడగలేదు. మళ్ళీ ఫోన్ చేసి అడగాలి. నేను చేస్తాలే అన్నా, లేదు మేడం నేనే చేస్తా అని పావుగంట తర్వాత తనే చేసింది, ఈసారి ముందు ఆయన ఎలా ఉన్నాడో అడిగింది. ఇది ఏ కోర్సులోనూ లేదు.

ఫ్రీజర్ కథ కూడా చెప్పాలి. వార్డులో గ్లవ్స్ పెట్టుకునే ఫ్రీజర్‌ని ఒకరోజు ఎవరో ప్లగ్ పీకి సెల్ ఛార్జర్ పెట్టారు. మధ్యాహ్నానికి గ్లవ్స్ తడిగుడ్డల్లా తయారయ్యాయి, ఇద్దరు పేషెంట్లకి అవే తొడిగారు. పాత నేనయితే కొంచెం చల్లగానే ఉన్నాయిలే అని "తొడిగాం" అని టిక్ పెట్టేసేదాన్ని, థీసిస్‌లో అలాంటి టిక్కులు ఎన్ని పెట్టానో దేవుడికే తెలుసు. ఈసారి కూర్చుని ప్రోటోకాల్ డీవియేషన్ (ప్లాన్ తప్పినప్పుడు రాసే) ఫారం నింపా, కారణం అన్న చోట "ఫోన్ ఛార్జింగ్" అని రాశా, ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ అది చదివి ఫోన్ చేసి మరీ నవ్వారు. ఇప్పుడు ఆ ప్లగ్ మీద ప్లాస్టర్ అంటించి "పీకితే చంపేస్తా" అని నర్సు రాసి పెట్టింది.

ఇప్పటికి 79 మంది అయ్యారు. మొన్న బుధవారం పూల ఆవిడ చెకప్‌కి వచ్చింది, తన కీమో ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఈ స్టడీలో తను లేదు, కానీ దీని సంగతులన్నీ తనకి కావాలి. సంచిలోంచి ఒక మూర మల్లెపూలు తీసి టేబుల్ మీద పెట్టింది. ఎడమ చేతి వేళ్ళు పర్లేదంట, కుడి చేతి బొటనవేలు ఇంకా సరిగ్గా తెలియట్లేదంట. "నేనే కట్టా, కాస్త వదులుగా వచ్చింది, జడలో పెట్టుకుంటే కనపడదులే" అంది. పెట్టుకున్నా. వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "అయితే డాక్టరమ్మా, చీటీల్లో ఏది గెలుస్తోంది?" అని అడిగింది.

ఇంకా తెలీదమ్మా, ఇంకా 291 మంది ఉన్నారు అన్నా.

"ఓరి దేవుడో" అని నవ్వి, వచ్చే స్కాన్ ఎప్పుడో రాసివ్వమంది.